ఆత్మప్రబోధం ఎవరిది? 1969 రాష్ట్రపతి ఎన్నికా, తాండూరు ఓటరూ

1969 ఆగస్టు 20 సాయంత్రం వికారాబాదు స్టేషను బయట, మా మేనమామ నడిపే చాయ్ హోటల్లో, రేడియో చుట్టూ ఇరవైమంది దాకా గుమిగూడి ఉన్నారు. తెలంగాణ ఉద్యమంలో బడులు సాగక నెలలు గడిచాయి కనుక నేనూ అక్కడే గ్లాసులు కడుగుతున్నాను. వరాహగిరి వెంకటగిరి రాష్ట్రపతిగా గెలిచాడని వార్త వచ్చింది. ఎవరూ సంతోషించలేదు, ఎవరూ విచారించలేదు. గూడ్సు షెడ్డులో మూటలు మోసే తాండూరు హమాలీ ఒకాయన మాత్రం మా మామను అడిగాడు: "ఇండ్ల మన ఓటెంత సేటూ?" మా మామ నవ్వి, గల్లాపెట్టె వైపు తిరిగాడు.

ఆ ప్రశ్నను నేను చాలాకాలం అమాయకపు ప్రశ్న అనుకున్నాను. కాదని తెలుసుకోవడానికి పదేళ్ళు పట్టింది. ఆ పదేళ్ళ చరిత్రే ఈ వ్యాసం.

ముందు లెక్క చూద్దాం. రాష్ట్రపతిని ఎన్నుకునేది పార్లమెంటు సభ్యులూ, రాష్ట్రాల శాసనసభ్యులూ. శాసనసభ్యుడి ఓటుకు విలువ కట్టే పద్ధతి రాజ్యాంగంలోనే ఉంది: రాష్ట్ర జనాభాను శాసనసభ్యుల సంఖ్యతో భాగించి, వచ్చినదాన్ని వెయ్యితో భాగించాలి. 1961 జనాభా లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్ జనాభా 3,59,83,447. శాసనసభ్యులు 287 మంది. ఒక్కొక్కరి ఓటు విలువ 125. పార్లమెంటు సభ్యుడి ఓటు 576. అంటే ఆ హమాలీ వంటి వెయ్యిమందికి, చంకలోని పసిబిడ్డలతో సహా, ఒక్క ఓటు. "మన ఓటెంత" అన్న ప్రశ్నకు అంకెల్లో జవాబు ఇది. కాని ఆయన అడిగింది అంకె కాదు.

తాండూరు అప్పటికి హైదరాబాదు జిల్లాలోనిది. 1978లో రంగారెడ్డి జిల్లా ఏర్పడితే అందులో చేరింది, 2016లో వికారాబాదు జిల్లాలోకి వచ్చింది. నాపరాతి గనులు, కంది చేలు, కాగ్నా వాగు, వాగు దాటి కొంతదూరం పోతే కన్నడం మాట్లాడే ఊళ్ళు. తెలుగూ, ఉర్దూ, కన్నడమూ ఒకే మనిషి నోట వినిపించే చోటు. వాడీ మీదుగా బొంబాయి పోయే రైలు దారి. వికారాబాదు ఆ దారిలో జంక్షను. మా హోటల్లో 'సియాసత్' చదివి వినిపించే ముసలాయన ఒకరు ఉండేవారు. రాజకీయాలు ఊరికి దూరంగా ఉండేవని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. అసలు రాష్ట్ర రాజకీయాలకు ఈ ప్రాంతం అందించిన మనిషి డాక్టర్ మర్రి చెన్నారెడ్డి. 1952లో వికారాబాదు నుంచి గెలిచి బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గంలో చేరినవాడు, 1956 పెద్దమనుషుల ఒప్పందం మీద తెలంగాణ తరఫున సంతకం చేసినవారిలో ఒకడు. 1967లో తాండూరు నుంచి శాసనసభకు ఎన్నికై, కేంద్రంలో ఉక్కు, గనుల మంత్రి అయ్యాడు.

ఆ తాండూరు ఎన్నిక చెల్లదని వందేమాతరం రామచంద్రరావు పిటిషను వేశారు. ఎన్నికల్లో అవినీతికర పద్ధతులు జరిగాయని 1968లో హైకోర్టు ఆ ఎన్నికను కొట్టివేసింది. సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. చెన్నారెడ్డి మంత్రి పదవి వదులుకోవలసి వచ్చింది, ఆరేళ్ళపాటు పోటీకి అనర్హుడయ్యాడు. చట్టం తన పని చేసింది, దానికి వంక పెట్టను. కాని అదే సంగతిని ఓటు వేసినవాడి వైపు నుంచి చూడండి. ఎండలో వరుసలో నిలబడి ముద్ర వేసి వచ్చాడు. ఏడాది తిరిగాక ఆ ముద్ర లేనట్టే అన్నారు. తప్పు చేసింది ఎవరైనా, ఓటు పోయింది అతనిది. మరుసటి ఏడాది మే నెలలో అదే చెన్నారెడ్డి తెలంగాణ ప్రజాసమితి నాయకత్వం తీసుకున్నాడు. సభ్యత్వం లేదు గనక రాష్ట్రపతి ఎన్నికలో ఆయనకు ఓటు లేదు. ఒక విధంగా ఆయనా, ఆయనకు ఓటు వేసిన హమాలీ సమానమయ్యారు, ఆ ఒక్క రోజుకు.

ఇక అభ్యర్థుల సంగతి. హైదరాబాదులో పుట్టిన జాకిర్ హుసేన్ 1969 మే 3న రాష్ట్రపతి పదవిలో ఉండగా చనిపోయారు. రెండేళ్ళ ముందు ఆయన ఓడించింది రాజమండ్రి మనిషి, మాజీ ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావును. ఈసారి కాంగ్రెసు అధికార అభ్యర్థి అనంతపురం జిల్లా ఇల్లూరుకు చెందిన నీలం సంజీవరెడ్డి. స్వతంత్రుడిగా నిలిచిన గిరి బరంపురంలో పుట్టిన తెలుగువాడు. జనసంఘం, స్వతంత్ర పార్టీ నిలబెట్టిన చింతామణి దేశ్‌ముఖ్ దుర్గాబాయి భర్త, తెలుగింటి అల్లుడు. మన పత్రికలు మురిసిపోయాయి. ఎవరు గెలిచినా తెలుగుతనమే గెలుస్తుందన్న ఉత్సాహంలో, ఆ ఏడాది తెలంగాణ వీధుల్లో తూటాలు తిన్న పిల్లలు ఏ తెలుగుకు చెందుతారని అడిగినవాళ్ళు తక్కువ.

ఇందిరాగాంధీ సంజీవరెడ్డి నామినేషను మీద తానే సంతకం చేసి, ఆ తరువాత ఆయనకు ఓటు వేయమనే విప్ ఇవ్వడానికి ఒప్పుకోలేదు. ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయమన్నది. సిండికేటు నాయకులు జనసంఘం, స్వతంత్ర పార్టీలతో రెండో ప్రాధాన్య ఓట్ల బేరం మాట్లాడుతున్నారన్నది ఆమె వర్గం ఎత్తిచూపిన కారణం. జూలై 19న 14 బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సు వచ్చింది. దానిమీద సంతకం చేసింది అప్పుడు తాత్కాలిక రాష్ట్రపతిగా ఉన్న గిరే. రెండు కమ్యూనిస్టు పార్టీలూ గిరి వైపు నిలిచాయి. మన అభ్యుదయ రచయితలం కూడా ఆ వైపే చూశాం. ఇందులో తప్పు లేదు. ఆనాటి తూకంలో ఒక పళ్ళెంలో బ్యాంకుల జాతీయీకరణ, రెండో పళ్ళెంలో పాత భూస్వామ్య పెద్దమనుషుల కూటమి కనబడ్డాయి.

గిరి చరిత్ర కూడా అలాంటిదే. బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల నాయకుడు, అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్‌ను నిర్మించినవారిలో ఒకడు. 1937లో బొబ్బిలి రాజాను ఎన్నికలో ఓడించాడు. 1954లో బ్యాంకు ఉద్యోగుల అవార్డును ప్రభుత్వం మార్చిందని కేంద్ర కార్మికమంత్రి పదవికి రాజీనామా చేశాడు. సంజీవరెడ్డి విషయంలో తెలంగాణకు మరో గుర్తు ఉంది. పెద్దమనుషుల ఒప్పందం మీద ఆయనా సంతకం చేశాడు. ముఖ్యమంత్రి అయ్యాక తెలంగాణకు రావలసిన ఉపముఖ్యమంత్రి పదవిని ఆరో వేలు అని తోసిపుచ్చాడన్న మాట మా హోటల్లో పిల్లలకు కూడా తెలుసు.

ఆగస్టు 16న ఓట్లు పడ్డాయి. పోటీలో 15 మంది. మొదటి ప్రాధాన్య ఓట్లు గిరికి 4,01,515, సంజీవరెడ్డికి 3,13,548, దేశ్‌ముఖ్‌కు 1,12,769. ఎవరికీ కోటా రాలేదు. కిందివారిని తొలగించి వారి రెండో ప్రాధాన్యాలు పంచాక గిరి 4,20,077, సంజీవరెడ్డి 4,05,427. తేడా 14,650. మన శాసనసభ్యుల ఓట్లతో కొలిస్తే 59 మంది అటునుంచి ఇటు జరిగితే తలకిందులయ్యేంత. చివరన ఉన్నవారిలో ఇద్దరికి చెరి 125 ఓట్లు వచ్చాయి, మన దగ్గర ఒక్క శాసనసభ్యుడి ఓటంత. దేశానికి పెద్దను నిర్ణయించే తూకం ఇంత సన్నటిది.

అయితే ఆ ఇద్దరిలో ఎవరు మేలన్న ప్రశ్నకు చరిత్ర అరుదుగా ఇచ్చే అవకాశం ఇచ్చింది. ఇద్దరూ రాష్ట్రపతులయ్యారు. ఇద్దరినీ చూశాం.

1971లో మీసా చట్టానికి ఆమోదముద్ర వేసింది గిరి. 1974 మే 8న దాదాపు 17 లక్షలమంది రైల్వే కార్మికులు సమ్మెకు దిగారు. వేలమందిని జైళ్ళలో పెట్టారు, క్వార్టర్ల నుంచి కుటుంబాలను వెళ్ళగొట్టారు. ఇరవై రోజులకు సమ్మె విరిగింది. అప్పుడు రాష్ట్రపతి భవనంలో ఉన్నది రైల్వే కార్మిక సంఘాన్ని కట్టిన మనిషే. వికారాబాదు జంక్షనులో బండ్లు ఆగిన ఆ రోజుల్లో మా హోటల్లో ఆయన పేరు ఒకటి రెండుసార్లు వినబడింది, తిట్టుగా కాదు, జ్ఞాపకంగా. మంత్రివర్గం సలహా మేరకు నడిచే పదవి అది, ఆయన ఏం చేయగలడు అని వాదించవచ్చు. నిజమే. అయితే 1969లో అభ్యర్థి గతాన్ని తూచిన మనం, పదవి బరువును తూచామా?

సంజీవరెడ్డి 1977లో నంద్యాల నుంచి గెలిచాడు. రాష్ట్రంలోని 42 స్థానాల్లో జనతాకు దక్కింది ఆ ఒక్కటే. ఆ జూలైలోనే 37 నామినేషన్లలో 36 తిరస్కరించగా పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యాడు. సామాన్యులు సరదాకైనా నామినేషను వేసే దారిని 1974 చట్టం పదిమంది ప్రతిపాదకులు, పదిమంది బలపరిచేవారు, 2,500 రూపాయల డిపాజిట్టు అనే గోడతో మూసింది. 1979లో మొరార్జీ ప్రభుత్వం పడినప్పుడు, లోక్‌సభను ఒక్కరోజూ ఎదుర్కోని చరణ్‌సింగ్ సలహా మీద, జగ్జీవన్‌రామ్ హక్కును పక్కనపెట్టి సభను రద్దు చేసింది ఆయనే. పదవికి ఏ అధికారమూ లేదన్న వాదన అక్కడ నిలవదు. అధికారం ఉంది. అది ఎప్పుడు, ఎవరి కోసం బయటికి వస్తుందన్నదే ప్రశ్న.

ఈ మధ్యలో తాండూరు ఓటరుకు తన ఆత్మప్రబోధం చూపించే అవకాశం కూడా వచ్చింది. 1971 లోక్‌సభ ఎన్నికల్లో ఇందిరాగాంధీ పేరు దేశమంతటా ఊడ్చుకుపోతుంటే, తెలంగాణలో 14 స్థానాల్లో 10 ప్రజాసమితి గెలిచింది. హైదరాబాదు నుంచి మేల్కోటే గెలిచారు. ఇంతకన్నా తేటగా ఒక ప్రజ తన మనసు చెప్పడం అరుదు. ఆ సెప్టెంబరులో ప్రజాసమితి కాంగ్రెసులో కలిసిపోయింది. కాసు బ్రహ్మానందరెడ్డి దిగిపోయాడు, పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రి అయ్యాడు. చెన్నారెడ్డి 1974లో ఉత్తరప్రదేశ్ గవర్నరు, 1978లో ముఖ్యమంత్రి. శాసనసభ్యుడికి ఆత్మ ఉందని 1969లో ఢిల్లీ ఒప్పుకుంది. ఓటరుకు ఉందని 1971లో ఎవరూ ఒప్పుకోలేదు.

ఇప్పుడు నా తప్పు చెప్పాలి. 1978 ఎన్నికల తరువాత నేనొక కథ రాశాను. అందులో తాండూరు రాతిగని కూలీ సారా సీసాకు ఓటు అమ్ముకుంటాడు, తెల్లారి పశ్చాత్తాపపడతాడు, ఒక చదువుకున్న యువకుడు అతనికి కళ్ళు తెరిపిస్తాడు. అది అచ్చయింది, నలుగురు మెచ్చుకున్నారు. మన కథల్లో ఓటరు తరుచు ఇలాగే ఉంటాడు: మోసపోవడానికే పుట్టినవాడు, మనం మేలుకొలిపేదాకా నిద్రపోయేవాడు. సెలవుల్లో ఊరికి పోయినప్పుడు ఆ హమాలీకి కథ చదివి వినిపించాను. ఆయన బీడీ ఆర్పి నింపాదిగా అన్నాడు:

"సారా తాగింది నిజమే బిడ్డా. ఓటు అమ్మింది నిజం గాదు. వాళ్ళది తాగి మాకు నచ్చినోనికే ఏసినం. అరవై ఏడుల మేమేసింది కోర్టు కొట్టేసె. డెబ్బై ఒకటిల మేమేసింది ఢిల్లీల కలిపేసిరి. అమ్మింది మేమేనా?"

నాకు మాట రాలేదు. ఆ కథను ఆ తరువాత ఏ సంపుటిలోనూ చేర్చలేదు. ఓటరు నిర్లిప్తత గురించి రాసే యువ రచయితలు నన్ను సలహా అడిగితే ఈ సంగతే చెబుతుంటాను. విసుగు కింద ఎంత జ్ఞాపకం ఉందో తవ్వి చూడకుండా దాన్ని అజ్ఞానం అనేస్తే, మనం రాసేది పాలకవర్గం చెప్పే కథే అవుతుంది.

2022 జూలైలో ద్రౌపది ముర్ము, యశ్వంత్ సిన్హా పోటీలో ఉన్నప్పుడు తాండూరు వెళ్ళాను. ఆ హమాలీ పోయి చాలా ఏళ్ళయింది. మనుమడు ఆటో నడుపుతున్నాడు, 1990లో పుట్టినవాడు. రాష్ట్రపతి ఓటు గురించి మాటల్లో వస్తే, తెలంగాణ శాసనసభ్యుడి ఓటు విలువ ఇప్పుడు 132 అని చెప్పాను. 119 మంది సభ్యులు, జనాభా 1,57,02,122. ఆ జనాభా 1971 నాటిది. 1976లో రాజ్యాంగ సవరణతో ఆ అంకెను అక్కడే ఆపేశారు, 2001లో మరో సవరణతో గడువు పెంచారు.

"అంటే మా తాత లెక్కల ఉన్నడు, నేను లేను" అన్నాడతను.

అవునన్నాను.

"మరి మేమెప్పుడొస్తం సార్ లెక్కలకు?"

2026 తరువాత తీసే మొదటి జనాభా లెక్కలు అచ్చయ్యేదాకా ఆగాలని చెప్పాను. స్టేషను వచ్చింది. అతను నలభై రూపాయలు తీసుకుని, నాపరాళ్ళ లారీ పోయేదాకా ఆగి, బండి తిప్పుకుని వెళ్ళిపోయాడు.