వాద్యమా? నిధియా?

1938లో, అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, ఫుల్లర్టన్ అనే చిన్న పట్టణంలో లియో ఫెండర్ అనే యువకుడు రేడియోలు బాగుచేసే దుకాణం ఒకటి తెరిచినాడు. ఆయనకు గిటారు వాయించడం రాదు. అయినను, రేడియో మరమ్మతు చేసిన ఆ చేతులే కొద్ది సంవత్సరాలకు గిటారు స్వరూపాన్ని మార్చివేసినవి.

ఎలక్ట్రిక్ గిటారు మర్మం రేడియో ఉన్న ఇంటివారికి తేలికగా బోధపడుతుంది. మామూలు గిటారుకు డొల్లగా ఉండే పెట్టె ప్రాణం. ఫెండర్ చేసిన గిటారుకు ఆ పెట్టె అక్కరలేదు. గట్టి చెక్కపలక మీద ఉక్కుతీగలు, వాటి క్రింద అయస్కాంతం, దాని చుట్టూ సన్నని రాగితీగ చుట్ట. ఉక్కుతీగ కదిలినప్పుడు రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుడుతుంది. పాత రేడియోలలో వెలిగిన వాల్వుల వంటివే ఆ విద్యుత్తును పెంచి లౌడ్‌స్పీకరుకు అందిస్తాయి. 1950లో ఫెండర్ తన గట్టిచెక్క గిటారును, 1954లో స్ట్రాటోకాస్టరును అంగళ్ళకు పంపినాడు. మెడ పాడైతే మరలు విప్పి మరొకటి బిగించుకొనవచ్చును. వడ్రంగికి బాడిసె ఎట్టిదో, నాటి వాద్యకారునికి ఆ గిటారు అట్టిదే. అరిగితే మార్చేవాడు, విసుగు పుడితే వేరే రంగు పూసేవాడు.

ఆ కాలంలోనే మిషిగన్ రాష్ట్రంలోని గిబ్సన్ సంస్థ, లెస్ పాల్ అనే ప్రసిద్ధ వాద్యకారుని పేరిట మరొక గిటారును తయారుచేసినది. అంచుల ఎరుపు, నడుమ పసుపు కలిసిన సంధ్యాకాంతి వంటి రంగుతో 1958 మొదలు 1960 వరకు చేసినవి సుమారు 1,500. వెల 300 డాలర్ల లోపే. అయినను బరువెక్కువ, గిరాకి తక్కువ. 1961 నాటికి సంస్థ ఆ రూపాన్నే మానుకొన్నది.

తరువాతనే చిత్రం జరిగినది. 1966లో ఇంగ్లండులో జాన్ మేయల్ బృందంతో కలిసి ఎరిక్ క్లాప్టన్ అటువంటి పాత గిటారు మీద వాయించిన రికార్డు వెలువడినది. ఆ నిండైన నాదం విన్న యువకులందరికీ అదే గిటారు కావలసివచ్చినది. కాని అంగడిలో అది లేదు! లేనిదాని మీదకే మనసు పోవడం లోకసహజం గదా. గిబ్సన్ సంస్థ 1968లో లెస్ పాల్ గిటార్లను మరల చేయ నారంభించినను, పాతవాటి మీది మోజు తగ్గలేదు.

ఇంతలో 1965లో ఫెండర్ కర్మాగారాన్ని సి.బి.ఎస్. అనే ప్రసార సంస్థ 1 కోటి 30 లక్షల డాలర్లకు కొన్నది. రేడియో మరమ్మతుదారుని సొత్తు రేడియో సంస్థకే చేరినది! పనితనం సడలినదని వాద్యకారులు గొణుగ నారంభించినారు. 1965కు ముందు చేసినవన్నీ ఒక కులంగా, తరువాతవి మరొక కులంగా ఏర్పడినవి. ఈ తీర్పులో న్యాయమూ ఉన్నది, అభిమానమూ ఉన్నది. పాతవి అన్నీ సమానమైనవి కావు; చెక్క బరువు, తీగచుట్టల లెక్క ఒకదానికీ మరొకదానికీ తేడాగా ఉండేవి.

1970లో క్లాప్టన్ నాష్‌విల్ నగరంలో పాత స్ట్రాటోకాస్టర్లు కొన్ని చౌకగా కొన్నాడు. మూడింటిని మిత్రులకు పంచి, మిగిలిన మూడింటి భాగాలు విప్పి, మంచివి ఏరి ఒక్క గిటారుగా కూర్చుకొన్నాడు. 2004లో అది వేలంలో 9,59,500 డాలర్లు పలికినది. ఈనాడు పాత గిటారును విప్పడానికి ఎవరికి చేయి వస్తుంది? మరలు మారలేదా, అతుకు వేసిన సీసం కదలలేదా అని భూతద్దంతో చూచి వెలకడతారు. అసలును ఇంట దాచి, దాని నకలుతో సభకు వెళ్ళేవారున్నారు. 1995లో ఫెండర్ సంస్థ కొత్త గిటార్లనే గీకి, రంగు వెలిసినట్లు చేసి అమ్మసాగినది. ఒకరి చేతిలో ఏండ్ల తరబడి కలిగే అరుగుదలకు సైతం వెల ఏర్పడినది.

ఈ మార్పులన్నీ చూచిన గిటారు ఒకటి ఉన్నది. 1959 నాటి ఆ లెస్ పాల్ గిటారు లండన్‌లో పీటర్ గ్రీన్ అనే యువకునిది. 1967లో ఫ్లీట్‌వుడ్ మాక్ బృందాన్ని స్థాపించినవాడాయన. ఆ గిటారులో ఒక అయస్కాంతం తలక్రిందుగా అమరి ఉన్నది. రెండు చుట్టలూ ఒక్కసారి పలికితే ఒకదాని విద్యుత్తుకు మరొకదాని విద్యుత్తు ఎదురు నడిచి, పలుచనైన, దిగులు నిండిన నాదం వస్తుంది. ఆ లోపమే దానికి పేరు తెచ్చినది.

గ్రీన్ 1970లో బృందాన్ని విడిచినాడు. ధనం మీద ఆయనకు విముఖత కలిగినది. కొంతకాలానికి ఆ గిటారును గ్యారీ మూర్ అనే బెల్ఫాస్టు యువకునికి ఇచ్చివేసినాడు. తన గిటారు అమ్మగా వచ్చినంత ఇమ్మన్నాడని మూర్ తరువాత చెప్పినాడు. మూర్ దానిని ముప్పది ఏండ్లకు పైగా వాయించి, 1995లో గ్రీన్ పాటలతోనే ఒక రికార్డు వెలువరించినాడు. 2006లో అమ్మివేసినాడు. అటుపిమ్మట అది వర్తకుల చేతులలో కొన్ని ఏండ్లు గడిపినది. 2014లో మెటాలికా బృందపు వాద్యకారుడు కర్క్ హామెట్ కొన్నాడు. ఆయన దానిని అద్దాల బీరువాలో నిలబెట్టలేదు, సభలకు తీసుకొనిపోయినాడు. 2020 ఫిబ్రవరిలో లండన్ పలాడియంలో గ్రీన్ గౌరవార్థం జరిగిన కచేరీలో ఆ గిటారే ఆయన పాటను పలికినది. ఆ జులైలో గ్రీన్ కన్నుమూసినాడు.

దాచినవారు లేకున్న పాత వాద్యాలు ఎన్నో నశించి ఉండేవి, వారిని నిందించరాదు. కాని తీగ కదలనిదే అయస్కాంతం ఎంత విలువైనదైనను విద్యుత్తు పుట్టదు. ఇది వింటున్నప్పుడు, మన ఇంటి అటక మీద గవిసెనలో ఉన్న వీణను దించి ఒకసారి శ్రుతిచేయవలెనని ఎవరికైన తోచినచో, ఆ దూరదేశపు గిటారు కథ విన్నందుకు ఫలం దక్కినట్లే.