సైలెన్సర్ అని పేరు పెట్టుకుని ఇంత గోలా?

సైలెన్సర్‌కి ఆ పేరు పెట్టిన మహానుభావుణ్ణి తీసుకొచ్చి ఓ సాయంత్రం జగిత్యాల టవర్ దగ్గర నిలబెడితే తల పట్టుకుని కూర్చుంటాడు. బండితో పాటు వచ్చిన సైలెన్సర్ పీకేసి, దానికంటే ఎక్కువ మోత చేసేదాన్ని డబ్బులిచ్చి మరీ బిగించుకుంటాం మనం. గొడుగు కొనుక్కుని దానికి చిల్లులు పెట్టించుకున్నట్టు. అలాగని ఇదంతా కుర్రకారు పొగరు అని ఒక్క ముక్కలో తేల్చెయ్యడం నాకిష్టం లేదు. ఈ మోతకో చరిత్ర ఉంది. అందులో మన ఊళ్ళకీ వాటా ఉంది.

ముందు ఆ పెట్టె సంగతి. 1897లో అమెరికాలోని ఇండియానా రాష్ట్రం, కొలంబస్ ఊళ్ళో రీవ్స్ అన్నదమ్ములు ఇంజన్ మోత తగ్గించే మఫ్లర్‌కి పేటెంటు తీసుకున్నారు. ఇంకో పదేళ్ళకి హైరమ్ పెర్సీ మాక్సిమ్ తుపాకీకి సైలెన్సర్ చేశాడు, ఇంజన్లకీ అదే సూత్రం వాడాడు. తమాషా ఏంటంటే, మెషిన్‌గన్ కనిపెట్టిన మాక్సిమ్ ఈయనకి తండ్రి. తండ్రి పేల్చాడు, కొడుకు నోరు మూయించాడు! అమెరికా వాళ్ళు మఫ్లర్ అంటారు, బ్రిటిష్ వాళ్ళు సైలెన్సర్ అంటారు. మనకి బండ్లతో పాటు మాట కూడా బ్రిటన్ నుంచే వచ్చింది.

ఆ బండ్లలో మనకి ముఖ్యమైంది బుల్లెట్. సైన్యం కోసం తెప్పించుకున్న బండి ఇక్కడే తయారవ్వాలని 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టారు. అసలు బ్రిటిష్ కంపెనీ 1970కల్లా మూతపడింది, ఇక్కడి ఫ్యాక్టరీ మాత్రం ఆగలేదు. ఇంజన్ బోర్ 70 మిల్లీమీటర్లు, స్ట్రోక్ 90, మొత్తం 346 సీసీ. ఒకటే సిలిండరు, బరువైన ఫ్లైవీల్. ఫోర్ స్ట్రోక్ కాబట్టి రెండు చుట్లకి ఒక పేలుడు. నిమిషానికి 900 చుట్లతో నిలబడి తిరుగుతుంటే సెకనుకి ఏడెనిమిది దెబ్బలన్నమాట. చెవి ఆ దెబ్బల్ని విడివిడిగా పట్టుకోగలదు. అందుకే అది మనకి రొద కాకుండా తాళంలా వినపడుతుంది. అంటే ఆ తాళం పుట్టింది ఇంజన్లో, సైలెన్సర్లో కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఇక ఆ శబ్దం ఎవరిది? చాలా ఏళ్ళు అది పోలీసుది, మిలిటరీది, ఊళ్ళో కాస్త కలిగినవాళ్ళది. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాల్ని కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. సైకిలే గొప్ప అనుకునే అలాంటి రోజుల్లో ఊరి పొలిమేరలో మోటారు చప్పుడు వినపడితే, వచ్చేది మామూలు మనిషి కాదనే లెక్క. పక్కకి జరగండి అని నోటితో చెప్పక్కర్లేదు, బండే చెప్పేది.

తర్వాత గల్ఫ్ డబ్బులొచ్చాయి. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల వైపు నుంచి దుబాయి, మస్కట్ వెళ్ళి ఎండలో చెమటోడ్చినవాళ్ళ ఇళ్ళల్లోకి కూడా బండ్లొచ్చాయి. ఒకప్పుడు దూరం నుంచి విని తప్పుకున్న చప్పుడు ఇప్పుడు మన వాకిట్లోనే స్టార్టవుతోంది. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాటకి మన పక్కనే మంచిర్యాల వైపు ఓ పెళ్ళికూతురు ఆడితే రాష్ట్రమంతా ఊగిపోయిందంటే ఊరికే కాదు. ఇన్నాళ్ళూ ఎవరూ వినిపించుకోనివాడికి తన రాకని పదిమంది వినాలని ఉంటుంది. ఆ కోరికని నేను వెక్కిరించలేను.

చిక్కెక్కడొచ్చిందంటే, 2010 ప్రాంతానికి పాత కాస్ట్ ఐరన్ ఇంజన్ పోయింది, యూనిట్ కన్‌స్ట్రక్షన్ ఇంజన్ వచ్చింది. బండి నమ్మకంగా నడవడం మొదలెట్టింది, చప్పుడు మెత్తబడింది. పోయిన తాళాన్ని వెనక్కి తెచ్చుకోవాలని జనం సైలెన్సర్ల మీద పడ్డారు. ఇండోరి, లాంగ్ బాటిల్, మెగాఫోన్, గోల్డ్‌స్టార్... ఇందులో గోల్డ్‌స్టార్ పేరు బీఎస్ఏ వాళ్ళ పాత రేసు బండిది, మెగాఫోన్ కూడా రేసుల నుంచి వచ్చిందే. కానీ తాళం ఇంజన్‌దని ఇందాకే అనుకున్నాం కదా. పైప్ మారిస్తే వాల్యూమ్ పెరుగుతుంది గానీ పాట మారదు. ఎర్రర్ పోలేదని లాగ్ లెవెల్ పెంచుకున్నట్టు!

శక్తి పెరుగుతుందనే మాట కూడా అంతే. 18, 20 గుర్రాల బండికి సైలెన్సర్ ఒక్కటే మారిస్తే వచ్చేది చాలా కొద్ది. కార్బురేటర్ బండి ఐతే, జెట్ మార్చకుండా ఫ్రీ ఫ్లో బిగిస్తే మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది. 2020లో బీఎస్6 వచ్చాక ఆక్సిజన్ సెన్సరు, క్యాటలిటిక్ కన్వర్టరు కూడా లెక్కలోకొచ్చాయి. మీటియోర్ లాంటి క్రూయిజర్‌కి మార్చాలనే పట్టుదల ఉంటే ఆ రెండింటి జోలికి పోకుండా, లోపల బ్యాఫిల్ ఉన్నదీ, ఆ మోడల్‌కి శబ్ద పరిమితికి లోబడి ఆమోదం పొందిందీ చూసుకోండి. మెకానిక్ ‘బ్యాఫిల్ తీసేద్దామా అన్నా’ అంటే వద్దనండి.

ఎందుకంటే 175 సీసీ దాటిన బండికి పరీక్షలో పరిమితి 80 డెసిబెల్స్. డెసిబెల్ లెక్క లాగరిథమ్ లెక్క, పది పెరిగితే శక్తి పదింతలు, చెవికి దాదాపు రెట్టింపు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటి తప్పుకే పదివేల వరకు జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు. తెలంగాణలో పోలీసులు పట్టుకున్న సైలెన్సర్లని రోడ్డు మీద పేర్చి రోడ్డు రోలర్ తొక్కించడం మనం చూసిందే.

పోలీసుల మాట పక్కన పెట్టండి, నాకు అడ్డొచ్చేది సిరిసిల్ల. అక్కడ వేల సాంచాలు నడుస్తాయి. పన్నెండు గంటల షిఫ్టు ఆ టకటకల మధ్య నిలబడినవాడికి మోత అంటే ఏంటో మనం చెప్పక్కర్లేదు. రాత్రి పదకొండుకి అతను నడుం వాల్చేసరికి ఇండోరి పైప్ ఒకటి గల్లీలోంచి పోతుంది. నివాస ప్రాంతాల్లో రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి రూల్స్ చెప్తున్నాయి, కానీ ఆ టైములో కొలిచేవాడెవడు?

మన రాక పదిమందికీ తెలియాలన్న కోరిక న్యాయమైనదే. కాకపోతే ఒకప్పుడు ఆ చప్పుడు విని పక్కకి జరిగింది మన తాతలు. ఇప్పుడు అదే చప్పుడుతో ఇంకొకరిని జరగమంటే, బండి మన చేతికొచ్చింది గానీ దొరతనం పోలేదన్నట్టే.