కాండిడా: తెలుపు ఇచ్చిన పేరు

ఎన్నికల్లో నిలబడే క్యాండిడేట్‌కీ, మట్టిలో బతికే మూడు మిల్లీమీటర్లు మించని ఓ పురుగుకీ పేరు ఒకే లాటిన్ మాట నుంచి వచ్చింది. ఆ మాట ‘కాండిడస్’, అంటే మెరిసే తెలుపు. ప్రాచీన రోములో పదవి కోరేవారు సుద్దతో తెల్లబరచిన వస్త్రం కప్పుకొని జనంలోకి వెళ్లేవారు. క్యాండిడేట్ అనే మాట అలా పుట్టింది.

పురుగు పేరు ఫోల్సోమియా కాండిడా. కళ్లు లేవు, ఒంటికి రంగు లేదు. 1902లో విలెమ్ అనే శాస్త్రవేత్త పెట్టిన ఈ పేరులో మొదటి భాగం అమెరికా కీటక శాస్త్రవేత్త ఫోల్సమ్‌ను తలపిస్తుంది.

ఇది స్ప్రింగ్‌టెయిల్స్ అనే వర్గానికి చెందినది. పొట్ట కింద మడిచి ఉండే పంగల తోకను విదిల్చి ఎగురుతాయి కనుక వాటికి ఆ పేరు. ఆ వర్గం శాస్త్రీయ నామం ‘కొలెంబోలా’ను లబక్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్త గ్రీకు నుంచి కూర్చారు: కొల్లా అంటే జిగురు, ఎంబొలాన్ అంటే చీల. పొట్ట కింది గొట్టం అంటుకోవడానికే ఉందని అప్పటి ఊహ. ఒంట్లో నీటి సమతూకానికి అది ముఖ్యమని తర్వాత తేలింది. అయినా పాత పేరే మంచిది. పరిశీలన ఎక్కడ మొదలైందో అది చెబుతుంది.

కాండిడా ఆడవి మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయి. ఆ గుడ్లు పిల్లలు కావడానికి వాటి కణాల్లో ఉండే వోల్బాకియా అనే బ్యాక్టీరియా అవసరం. తేలిగ్గా పెరుగుతాయి కనుక నేల కాలుష్యాన్ని అంచనా వేసే ఒక అంతర్జాతీయ పరీక్షకు వీటిని వాడతారు: అనుమానమున్న మట్టిలో వదిలి, 28 రోజులయ్యాక పిల్లలను లెక్కపెడతారు.