ఎనభై దగ్గర ఆగిపోయిన మీటరు

టామ్ హాంక్స్ నటించిన "అపోలో 13" సినిమా (1995) మీలో చాలామంది చూసే ఉంటారు. ముగ్గురు వ్యోమగాములు చావు తప్పించుకుని ఎలా తిరిగొచ్చారో మనకి తెలుసు. అసలు ఆ ఆక్సిజన్ ట్యాంకు ఎందుకు పేలిందన్నది మాత్రం పెద్దగా ఎవరూ చెప్పుకోరు. దాని వెనక ఉన్నది ఒక హీటరు స్విచ్చి కథ.

అతిచల్లటి ఆక్సిజన్ నింపిన ఆ ట్యాంకులో, వాడేకొద్దీ పీడనం పడిపోకుండా హీటర్లు పెట్టారు. వేడి 80 ఫారెన్‌హీట్ డిగ్రీలు (27 సెల్సియస్) చేరగానే కరెంటు ఆపెయ్యడానికి థర్మోస్టాట్ స్విచ్చిలు ఉన్నాయి. మన ఇస్త్రీపెట్టెలో థర్మోస్టాట్ చేసే పనే ఇదీను.

మొదటి స్పెసిఫికేషన్ ప్రకారం అన్నీ 28 వోల్టుల డీసీకి సరిపోవాలి. నౌకలో ఉండేది అదే. ప్రయోగానికి ముందు నేలమీద పీడనం త్వరగా పెంచడానికి కెన్నెడీ కేంద్రంలో 65 వోల్టులు ఇస్తారని, 1965లో నార్త్ అమెరికన్ కంపెనీ ఆ స్పెసిఫికేషన్ని మార్చింది. ట్యాంకు తయారుచేసే బీచ్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు స్విచ్చిలు మాత్రం పాతవే ఉంచేశారు. తర్వాతి తనిఖీల్లో నార్త్ అమెరికన్ గానీ, నాసా గానీ దాన్ని పట్టుకోలేదు.

మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి ఇదేం కొత్త కాదు. ఇంటర్‌ఫేస్ మారింది, ఒక్క మాడ్యూల్ మారలేదు. మరి టెస్టింగులో బయటపడలేదా అంటారా? నిండు ట్యాంకు ఎప్పుడూ చల్లగానే ఉంటుంది కదా, 65 వోల్టుల మీద ఆ స్విచ్చి తెరుచుకోవలసిన అవసరమే రాలేదు.

ఆ అవసరం 1970 మార్చిలో వచ్చింది. ఆ ట్యాంకు మొదట అపోలో 10 కోసం బిగించినది. 1968లో విప్పి తీస్తుంటే రెండంగుళాలు కిందికి జారింది. నింపే గొట్టం అప్పుడే వదులై ఉండొచ్చని తర్వాత అంచనా వేశారు. ప్రయోగానికి ముందు రిహార్సల్ అయ్యాక ట్యాంకు ఖాళీ చెయ్యబోతే అవలేదు. సరే, హీటర్లు వేసి ఆక్సిజన్‌ని మరిగించి పంపేద్దాం అనుకున్నారు. దాదాపు 8 గంటలు హీటర్లు నడిచాయి.

80 డిగ్రీల దగ్గర స్విచ్చిలు తెరుచుకోబోయాయి. ఏసీ కరెంటయితే క్షణక్షణం సున్నాకి వస్తుంది కాబట్టి కాంటాక్టుల మధ్య పుట్టిన మెరుపు ఆరిపోడానికి సందు దొరుకుతుంది. డీసీలో ఆ వెసులుబాటు లేదు. 65 వోల్టుల మెరుపుకి కాంటాక్టులు కరిగి అతుక్కుపోయాయి. హీటర్లు ఇక ఆగలేదు.

మీటరు చూస్తున్నవాళ్ళకి తెలియలేదా? ఆ మీటరు చూపగలిగే గరిష్ఠ ఉష్ణోగ్రతే 80 డిగ్రీలు! హీటరు గొట్టం కొన్నిచోట్ల 1000 ఫారెన్‌హీట్ డిగ్రీల దాకా కాగి ఉంటుందని తర్వాత విచారణ సంఘం తేల్చింది. ఆ వేడికి ఫ్యాన్ల తీగల మీది టెఫ్లాన్ తొడుగు పాడైపోయింది. 1970 ఏప్రిల్ 13న, భూమికి సుమారు 3,20,000 కిలోమీటర్ల దూరంలో ఫ్యాన్లు ఆన్ చేశారు. తీగలు షార్టై నిప్పు పుట్టింది, కాసేపటికే ట్యాంకు పగిలిపోయింది.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసేది పేలుడు కాదు. ఖాళీ చేస్తున్న ఆ గంటల్లో హీటరు కరెంటు రీడింగులు నేలమీద రికార్డవుతూనే ఉన్నాయి. స్విచ్చిలు పనిచేస్తుంటే ఆ కరెంటు మధ్యమధ్య ఆగాలి. ఆగలేదు. సాక్ష్యం కాగితం మీదే ఉన్నా, అటువైపు చూడాలని ఎవరికీ తోచలేదు. అందరూ ఉష్ణోగ్రత మీటరునే నమ్మారు.

1971లో వెళ్ళిన అపోలో 14కి ట్యాంకులో ఫ్యాన్లు తీసేశారు, తీగలకి స్టెయిన్‌లెస్ స్టీలు తొడుగు వేశారు, అదనంగా మూడో ట్యాంకు పెట్టారు.

ఈ కథ చదివాక ఏ హీటరు కంట్రోల్ బోర్డు రిపేరుకైనా నేను పెట్టుకున్న వరస ఇది: డిస్‌ప్లే ఏ అంకె చూపిస్తోందో తర్వాత చూడొచ్చు. ముందు హీటరుకి కరెంటు నిజంగా ఆగుతోందా అన్నది క్లాంప్ మీటరు పెట్టి చూడాలి. ఆ తర్వాత, రిలే మీద రాసి ఉన్న వోల్టులు ఏసీవా, డీసీవా, మనమిచ్చే సప్లైకి సరిపోతాయా అన్నది చదవాలి. రెండు నిమిషాల పని. క్యాలిబ్రేషన్ ఆ తర్వాతే.