దీర్ఘకాలిక రక్త క్యాన్సర్‌కు ప్రతిరక్షక చికిత్స: పుట్టుక, పరిణామం

దీర్ఘకాలిక లింఫోసైటిక్ ల్యుకేమియా ఎక్కువగా వృద్ధులకు వచ్చే రక్త క్యాన్సర్. ఇందులో బి-లింఫోసైట్లనే తెల్ల రక్తకణాలు కాలం తీరినా చావక రక్తంలోను, ఎముక మజ్జలోను, ప్లీహంలోను పేరుకుపోతాయి. క్లోరాంబుసిల్, ఆ తరువాత ఫ్లుడారబిన్ వంటి మందులు వాటిని తగ్గించగలిగినా, రోగకణాలతోపాటు ఆరోగ్యకణాలనూ దెబ్బతీసేవి. కణం ఉపరితలంపై ఉండే ఒకానొక గుర్తును మాత్రమే పట్టుకొనే ప్రతిరక్షకాలను, అంటే యాంటీబాడీలను, కావలసినంతగా తయారుచేసే పద్ధతిని 1975లో కేంబ్రిడ్జిలో జార్జ్ కోలర్, సీజర్ మిల్‌స్టీన్‌లు కనుగొన్నారు. ప్రతిరక్షకాన్ని స్రవించే చుంచెలుక ప్లీహకణాన్ని, ఎడతెగక విభజన చెందే మైలోమా కణంతో కలిపి వారు సంకరకణాలను సృష్టించారు. కలవని మైలోమా కణాలను చంపి సంకరకణాలను మిగిల్చేందుకు వారు వాడిన అమైనోప్టెరిన్, భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో రూపొందినదే.

తొలి చుంచెలుక ప్రతిరక్షకాలు నిరాశపరిచాయి. 1980లలో టీ101 అనే ప్రతిరక్షకాన్ని ఇచ్చిన రోగులలో రక్తంలోని కణాలు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పెరిగాయి. మనిషి దేహం ఇలాంటి ప్రతిరక్షకాలను పరాయి ప్రోటీన్లుగా గుర్తించి తిప్పికొట్టేది కూడా. అందుచేత పరిశోధకులు వాటిని క్రమంగా మానవ ప్రోటీన్లకు దగ్గర చేశారు. కేంబ్రిడ్జిలో హెర్మన్ వాల్డ్‌మన్ బృందం తయారుచేసిన ఎలుక ప్రతిరక్షకాన్ని గ్రెగ్ వింటర్ ప్రయోగశాల 1988లో మానవీకరించగా, అది అలెమ్‌టుజుమాబ్‌గా 2001లో అమెరికాలో అనుమతి పొందింది. సీడీ52 అనే గుర్తును పట్టుకొనే ఈ మందు, ఇతర మందులకు లొంగని రోగాన్ని సైతం రక్తంలోను మజ్జలోను తుడిచిపెట్టగలిగేది. అయితే ఆ గుర్తు టి-కణాలపైనా ఉండటంవల్ల రోగికి రక్షణ కరవై సైటోమెగలోవైరస్ వంటి ఇన్‌ఫెక్షన్లు విజృంభించేవి. 2012లో తయారీదారు దీన్ని ల్యుకేమియా విపణినుంచి ఉపసంహరించి, తరువాత మల్టిపుల్ స్క్లెరోసిస్‌కు వేరే పేరుతో తెచ్చాడు. దీనికి కారణం వ్యాపారమే తప్ప వైద్యం కాదనిపిస్తుంది.

అంత తీవ్రత లేని రిటుక్సిమాబ్‌కే చరిత్రలో పెద్దపీట దక్కింది. 1997లో లింఫోమాకు అనుమతి పొందిన ఈ మందు సీడీ20ని పట్టుకొంటుంది. ల్యుకేమియా కణాలపై ఆ గుర్తు పలచగా ఉండటంతో ఒంటరిగా ఇచ్చినప్పుడు ఫలితం అంతంతమాత్రమే. ఫ్లుడారబిన్, సైక్లోఫాస్ఫమైడ్‌లతో జతచేసినప్పుడు పరిస్థితి మారింది: 817 మందిపై జర్మన్ బృందం నడిపించి 2010లో ప్రకటించిన ప్రయోగంలో, మూడేళ్ళకు జీవించి ఉన్నవారు రిటుక్సిమాబ్ చేర్చినప్పుడు 87 శాతం, చేర్చనప్పుడు 83 శాతం. తేడా చిన్నదిగా కనిపించినా, ఈ రోగంలో తొలి చికిత్సను మార్చి ఆయుష్షు పెంచవచ్చని రుజువైంది. హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ 2007లోనే దీనికి సమానమైన రెడిటక్స్‌ను తక్కువ ధరకు తెచ్చింది.

ప్రతిరక్షకపు తోకభాగంలోని చక్కెర గొలుసును మార్చి రక్షణకణాలను మరింత బలంగా పిలిచేలా మలచిన ఒబినుటుజుమాబ్ 2013లో వచ్చింది. క్లోరాంబుసిల్‌తో కలిపి ఇచ్చినప్పుడు రోగం ముదరకుండా ఉన్న మధ్యస్థ కాలం రిటుక్సిమాబ్ జతతో 15.2 నెలలు కాగా, దీని జతతో 26.7 నెలలు. 2019నుంచి ఇది వెనెటోక్లాక్స్ మాత్రలతో కలిసి ఏడాదిలో ముగిసే చికిత్సగా స్థిరపడింది. కానీ ఇబ్రుటినిబ్ అనే మరో మాత్రకు రిటుక్సిమాబ్ చేర్చినందువల్ల వృద్ధ రోగులకు అదనపు మేలేమీ కలగలేదని 2018లో వెలువడిన అమెరికన్ ప్రయోగం తేల్చింది.