రోజుకు ఐదు పాఠాలు

1848 ఫిబ్రవరి మొదటి వారం. పారిస్‌లో చలి ఎముకలు కొరుకుతోంది. సేన్ లజార్ వీధిలోంచి లోపలికి తిరిగితే స్క్వేర్ డోర్లెయాన్ అనే ఆవరణ వస్తుంది. సంగీతకారులు, శిల్పులు, రచయితలు అద్దెకుండే చోటు ఇది. తొమ్మిదో నంబరు తలుపు తట్టండి. నౌకరు వచ్చి తీస్తాడు. గొంతు తగ్గించి లోపలికి రండి, పాఠం నడుస్తోంది.

గదిలో రెండు పియానోలు ఉన్నాయి. పొడవాటి గ్రాండ్ పియానో ముందు శిష్యురాలు కూర్చుంది. పక్కనే ఉన్న చిన్న నిలువు పియానో దగ్గర గురువుగారు కూర్చున్నారు. రెండూ ప్లెయెల్ కంపెనీ వాయిద్యాలే. మనిషి బాగా సన్నం. వచ్చే నెల ఒకటో తారీఖుకు 38 ఏళ్లు నిండుతాయి, కానీ దగ్గు ఆయన్ని అంతకంటే పెద్దవాడిలా చేసింది. ఆయనే ఫ్రెడరిక్ షోపాన్. ఆయన రాసిన నాక్టర్న్‌లు, మజుర్కాలు అనే పియానో రచనలు యూరప్ అంతటా అచ్చయి అమ్ముడుపోతున్నాయి. ఈ పూట మాత్రం ఆయన పియానో మాస్టారు.

శిష్యురాలు కొత్తగా చేరింది. వాయించడం బాగానే వచ్చు. అయినా ఆయన మొదటి నుంచి మొదలుపెట్టించారు. దగ్గరికి జరిగి ఆమె కుడిచెయ్యి చూడండి. బొటనవేలు ఈ అనే తెల్ల మెట్టు మీద ఉంది. చూపుడువేలు, మధ్యవేలు, ఉంగరపువేలు వరసగా మూడు నల్ల మెట్ల మీద వాలాయి. చిటికెనవేలు మళ్లీ తెల్ల మెట్టు బి మీదికి దిగింది. పొడుగు వేళ్లకు ఎత్తుగా ఉండే నల్ల మెట్లు, పొట్టి వేళ్లకు తెల్ల మెట్లు. ఎక్కడా బిగదీయకుండా, లాగకుండా, చెయ్యి తన సహజమైన వంపులోనే నిలబడింది.

మన దగ్గర మాయామాళవగౌళలో సరళీ వరుసలతో మొదలుపెట్టినట్టు, ఇక్కడి మాస్టార్లు సి మేజర్ అనే స్వరశ్రేణితో మొదలుపెడతారు. అందులో అన్నీ తెల్ల మెట్లే. షోపాన్ దాన్ని చిట్టచివరికి నెట్టి, బి మేజర్‌ను ముందుకు తెచ్చారు. సి మేజర్ కంటికి తేలికే గానీ చేతికి అన్నింటికన్నా కష్టమని, వేళ్లకు అందులో ఎక్కడా ఆనిక దొరకదని ఆయన అంటారు.

ఉంగరపువేలు బలహీనమైంది. దాన్ని మిగతా వాటితో సమానం చేయాలని గంటల తరబడి కసరత్తు చేయించే మాస్టార్లు పారిస్‌లో చాలామంది ఉన్నారు. ముంజేతిని కర్రపట్టీ మీద ఆనించి వేళ్లను మాత్రమే ఆడించే పరికరాన్ని పియానిస్ట్ కాల్క్‌బ్రెన్నర్ ప్రచారం చేశారు. 1831లో షోపాన్ ఈ నగరానికి కొత్తగా వచ్చినప్పుడు మూడేళ్లు తన దగ్గర నేర్చుకోమని అడిగింది ఆ కాల్క్‌బ్రెన్నరే. షోపాన్ మర్యాదగా తప్పుకున్నారు. ఏ వేలి గుణం దానిదే, ఆ తేడాను చెరిపేయకుండా నాదంలో వాడుకోవాలన్నది ఆయన సిద్ధాంతం.

తర్వాత వచ్చిన శిష్యురాలు నాక్టర్న్ తీసింది. పియానో మీద తాళం లెక్కపెట్టే మెట్రోనోమ్ ఉంది, అది అక్కడి నుంచి కదలదు. షోపాన్ సంగీతమంటే లయ ఎటుపడితే అటు సాగుతుందనుకునేవాళ్లు ఈ గదిలోకి వస్తే ఆశ్చర్యపోతారు. ఎడమచెయ్యి తాళం తప్పకూడదు. కుడిచెయ్యి మాత్రం పాట పాడేవాళ్లలా ఒకచోట ఆగి, ఒకచోట తొందరపడి, మళ్లీ తాళంలోకి వచ్చి కలవాలి. ఆమె ఒక వాక్యాన్ని తెంపేసింది. ఆయన తన పియానో మీద అదే వాక్యాన్ని వాయించి చూపించారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో తెలియకపోతే ఇటాలియన్ ఒపెరాకు వెళ్లి గాయకులను వినమంటారు. శిష్యులు పాట కూడా నేర్చుకోవాలంటారు.

ఇప్పుడు ఆయన చేతిలోని పెన్సిల్ చూడండి. అచ్చయిన కాగితం మీద వేళ్ల అంకెలు మారుస్తున్నారు. తాను రాసిన నాక్టర్న్‌లోనే ఒక చోట కొత్త అలంకారం చేర్చారు. ఇంకో శిష్యురాలి పుస్తకంలో ఇదే చోట ఆయన వేరే అంకెలు, వేరే స్వరాలు రాశారు. ఆ చెయ్యి వేరు, ఈ చెయ్యి వేరు. ఇలా ఆయన పెన్సిల్ గుర్తులున్న శిష్యుల పుస్తకాలు కొన్ని ఇప్పటికీ భద్రంగా ఉన్నాయి. ఒక రచనకు ఒకే రూపం ఉంటుందని నమ్మేవాళ్లు వాటిని ఒక్కసారైనా తిరగేయాలి.

రోజుకు ఆరు గంటలు సాధన చేస్తున్నానని ఎవరైనా గొప్పగా చెబితే ఆయనకు కోపం వస్తుంది. మూడు గంటలు చాలు, మిగతా పొద్దు మంచి పుస్తకం చదవమనో, అలా నడిచి రమ్మనో అంటారు. చెవి అలిసిపోయాక వేళ్లు చేసేది సంగీతం కాదు.

పాఠం ముగిసింది. ఫీజు చేతికివ్వకూడదు. శిష్యురాలు చలిమంట గూటి మీద 20 ఫ్రాంకులు పెట్టి వెళ్లింది. ఆయనే ఇంటికి వెళ్లి చెబితే 30. అక్టోబరు, నవంబరు నుంచి మే దాకా సగటున రోజుకు ఐదు పాఠాలు, అంటే వంద ఫ్రాంకులు. పారిస్ కూలీకి రోజంతా పనిచేస్తే మూడు, నాలుగు ఫ్రాంకులు వచ్చే రోజులివి. కానీ ఇంటద్దె, బండి, నౌకరు, పెద్దింటి శిష్యులకు తగ్గ దుస్తులు, వైద్యులు, అన్నీ ఇందులోంచే రావాలి. రచనలు రాయడానికి వేసవి దాకా ఆగాలి. ఏడు వేసవులు ఆయన సహచరి, రచయిత్రి జార్జ్ శాండ్ ఊరు నోహాన్‌లో అలాగే గడిచాయి. గత ఏడాది వాళ్లిద్దరూ విడిపోయాక ఆ దారీ మూసుకుపోయింది.

ఈ వారం మరో పని కూడా నెత్తిన పడింది. 16న కచేరీ. పారిస్‌లో ఆయన కచేరీ చేసి ఆరేళ్లయింది. జీవితం మొత్తంలో ఆయన చేసిన బహిరంగ కచేరీలు సుమారు ముప్ఫైయే. జనం ఊపిరి తనను ఉక్కిరిబిక్కిరి చేస్తుందని తోటి పియానిస్ట్ లిస్ట్‌తో చెప్పుకున్న మనిషి ఆయన. పోస్టర్లు వద్దన్నారు. అయినా టికెట్టుకు 20 ఫ్రాంకుల చొప్పున 300 టికెట్లూ వారంలో అయిపోయాయి. రాజుకు పది, రాణికి పది. ఆ రోజు వాయించబోయే పియానో ముందే ఇంటికి చేరింది. కచేరీ ముందు రోజుల్లో తన రచనలు సాధన చేయడం ఆయనకు అలవాటు లేదు. తలుపు మూసుకుని బాఖ్ వాయించుకుంటారు.

పదహారో తారీఖు రాత్రి. రోషెషూవార్ వీధిలో ప్లెయెల్ హాలు మెట్లెక్కండి. కూర్చున్నవాళ్లలో ఎక్కువమంది ఆయనకు తెలిసిన ముఖాలే. వయొలిన్ మీద అలార్, చెల్లో మీద ఫ్రాంషొమ్ తోడుగా మోజార్ట్ త్రయం మొదలైంది. తర్వాత తన చెల్లో సొనాటాలోని చివరి మూడు భాగాలు, బెర్స్యూజ్, బార్కరోల్ అనే తన పియానో రచనలు. ఇప్పుడు చెవిపెట్టి వినండి. బార్కరోల్ చివర్లో అచ్చు కాగితం ప్రకారం గట్టిగా వాయించాల్సిన చోటు వచ్చింది. ఆయనకు అంత బలం లేదు. ఆ భాగాన్నంతా అతి మెల్లగా, ఎన్నో ఛాయలతో వాయించారు. విన్న పియానిస్ట్ చార్లెస్ హాలేకు అచ్చులో ఉన్నదానికంటే ఇదే బాగుందేమో అనిపించింది. పాఠాల గదిలో పెన్సిల్‌తో చేసిన పనే ఆయన ఈ రాత్రి వేదిక మీద చేశారు.

వారం తిరక్కుండానే, 22న వీధుల్లో తిరుగుబాటు రాజుకుంది. 24న రాజు లూయీ ఫిలిప్ గద్దె దిగారు. సంపన్న కుటుంబాలు నగరం వదిలాయి, వాళ్లతో శిష్యులూ వెళ్లిపోయారు. ఏప్రిల్ 20న షోపాన్ లండన్ చేరి అక్కడ పాఠానికి ఒక గినీ చొప్పున తీసుకుని చెప్పారు. నవంబరు 16న లండన్ గిల్డ్‌హాల్‌లో తన స్వదేశమైన పోలాండ్ వాళ్ల సహాయార్థం వాయించిందే ఆఖరి కచేరీ. 1849 అక్టోబరు 17న పారిస్‌లో కన్నుమూశారు. పియానో నేర్పే పద్ధతి మీద రాయాలనుకున్న పుస్తకం కొన్ని కాగితాల దగ్గరే ఆగిపోయింది. ఆ కాగితాలు ఇప్పుడు న్యూయార్క్‌లోని మోర్గన్ లైబ్రరీలో ఉన్నాయి.

ఆ పుస్తకం చేయాల్సిన పని శిష్యులు చేశారు. 1844 నుంచి ఆయన దగ్గర నేర్చుకున్న కరోల్ మికూలి ఆ తర్వాత ల్వోవ్‌లో పాఠాలు చెప్పారు. మికూలి శిష్యులు రౌల్ కొచాల్‌స్కీ, మోరిట్జ్ రోజెంతాల్ ఇరవయ్యో శతాబ్దంలో రికార్డులు ఇచ్చారు. వాటిని ఈ రోజు కూడా వినవచ్చు. షోపాన్ వాయించగా విన్నవాళ్లు కొద్దిమందే. ఆ వాయింపులో ఏదైనా మన దాకా వచ్చిందంటే అది ఆ ముప్ఫై కచేరీల వల్ల రాలేదు, రోజుకు ఐదు చొప్పున చెప్పిన పాఠాల వల్ల వచ్చింది.

మీ వీధిలోనూ పాఠాలు చెప్పుకుని బతికే సంగీతం మాస్టారో, టీచరమ్మో ఉండే ఉంటారు. ఎన్ని కచేరీలు చేశారని వాళ్లను కొలవకండి. మీ పిల్లల్ని పంపండి. తొందరపెట్టకండి. ఫీజు వేళకు ఇవ్వండి.