నాగార్జునకొండ తవ్వకాలు

పల్నాడు జిల్లాలో, కృష్ణానది కుడి గట్టున ఉన్న లోయలో 20వ శతాబ్దంలో విడతలవారీగా జరిగిన పురావస్తు పరిశోధన. మునిగిపోనున్న ఒక నగరాన్ని గడువులోగా తవ్వి, నమోదు చేసి, కొంత భాగాన్ని తరలించిన పని ఇది. పురావస్తు శాస్త్రానికి, అభివృద్ధి పథకాలకు మధ్య లెక్క ఎలా కుదురుతుందో చెప్పడానికి దీన్ని ఉదహరిస్తారు.

తొలి తవ్వకాలు

మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణ ఉన్న ఈ లోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. శాసనాలున్న రాతి స్తంభాలు 1926లో మద్రాసు శాసన విభాగం దృష్టికి వచ్చాయి. 1927-31 మధ్య లాంగ్‌హర్స్ట్, 1938లో టి.ఎన్. రామచంద్రన్ తవ్వకాలు జరిపారు. అప్పటి శ్రద్ధ ఎక్కువగా స్తూపాలు, విహారాల మీదే.

ఇక్కడి ప్రధాన స్తూపమైన మహాచైత్యం లోపల ఇటుక గోడలు బండి చక్రం ఆకుల్లా అమరి ఉన్నాయి. దాని ఆయక స్తంభాల (స్తూపం నాలుగు దిక్కులా వేదికల మీద నిలిపిన స్తంభాల) మీది ప్రాకృత శాసనాల్లో దాత చాంతిసిరి పేరుంది. ఆమె ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త. మరో మేనత్త హమ్మసిరి కూతుళ్లిద్దరు అతని రాణులు. మన ఇళ్లలోని మేనరికం ఎంత పాతదో ఈ రాళ్లు చెబుతాయి.

ముంపుకు ముందు

నాగార్జునసాగర్ ప్రాజెక్టు ఖాయం కావడంతో 1954 నుంచి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో లోయంతా తవ్వారు. ఆనకట్టకు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. ఈసారి రాతియుగపు పనిముట్లు, బృహత్ శిలా సమాధులు, కోట గోడలు, స్నానఘట్టాలు, హిందూ దేవాలయాలు, చుట్టూ మెట్ల వరుసలున్న క్రీడారంగం బయటపడ్డాయి. బౌద్ధక్షేత్రంగా పేరుపడిన చోట ఒక నగరం మొత్తం కనిపించింది.

ఎంపిక చేసిన కట్టడాలను విప్పి, లోయలోని నాగార్జునకొండ మీద, జలాశయం ఒడ్డున ఉన్న అనుపు వద్ద తిరిగి నిర్మించారు. నీళ్లు చేరాక కొండ దీవిగా మారింది. అక్కడి మ్యూజియం 1966లో ప్రారంభమైంది.

ప్రాధాన్యం

తవ్విన మట్టిపొరను మళ్లీ పేర్చలేం. అందుకే పటాలు, ఫొటోలు, కొలతలే మిగిలే ఆధారం. నాగార్జునకొండలో ఈ సంగతి రెట్టింపు నిజం: పొరలతోపాటు చోటు కూడా పోయింది. తరవాత ఇక్కడి కట్టడాల్లాగే, శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పడిన కూడవెల్లి సంగమేశ్వరాలయాన్ని అలంపురానికి తరలించారు. నేడు లాంచీలో దీవికి వెళ్లేవారు చూసేది ఎంచి తెచ్చుకున్న కొంత మాత్రమే. విజయపురి వారి పడవ కిందే ఉంది.